మినహాయింపు గడి

మా విశ్వవిద్యాలయంలో ఏ భవనంలో అగ్నిప్రమాద అభ్యాసం జరిగినా, దాని ఫలితాన్ని నమోదు చేసే ఫారంలో పదకొండు గడులుంటాయి. ఆ ఫారం నేను రూపొందించినది. ముప్పై ఒక్క సంవత్సరాలు అక్కడ భద్రతాధికారిగా పనిచేసి, పదవీ విరమణ పొంది తొమ్మిదేళ్లు దాటింది. నా తరువాత ముగ్గురు అధికారులు మారారు. గంటలు మారాయి, గోడల రంగులు మారాయి. ఫారం మాత్రం మారలేదు. అది నాకు గర్వకారణంగానే ఉండేది.

ప్రతి విద్యాసంవత్సరం చివర, బాలికల హాస్టల్లో జరిగే ఆఖరి డ్రిల్‌కు నన్ను పరిశీలకుడిగా పిలుస్తారు. వంద మందికి పైగా ఉండే ఆ నాలుగంతస్తుల భవనం మూడు నిమిషాల నలభై సెకన్లలో ఖాళీ అయినట్లు ఐదేళ్ల క్రితం నేనే నమోదు చేశాను. ఆ లెక్కను మరే హాస్టలూ దాటలేకపోయింది. అందుకిచ్చిన షీల్డు అప్పటి నుంచీ వాళ్ల భోజనశాల గోడ మీదనే ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం మూడున్నరకే నేను అక్కడికి చేరుకున్నాను. నియమం ప్రకారం, డ్రిల్ ఏ రోజన్నది వార్డెన్‌కు తప్ప మరెవరికీ తెలియకూడదు; గంట ఏ నిమిషాన మోగాలో పరిశీలకుడే నిర్ణయించాలి. కానీ వంటగది ముందు నుంచి వెళుతూ ఉండగానే పెద్ద గిన్నెలో టీ మరుగుతూ కనిపించింది. మామూలుగా అది నాలుగున్నరకు గాని పొయ్యి ఎక్కదు.

“ఇవాళ టీ తొందరగా పెట్టారేం?” అని వంటావిడను అడిగాను.

“గంట కొట్టగానే పిల్లలంతా ఎలాగూ కిందికొస్తారు కదా పెద్దయ్యగారూ. మళ్లీ పైకెళ్లి దిగడమెందుకని.”

“గంట కొడతారని మీకెవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలాండీ? పొద్దున్న వార్డెనమ్మగారు చెప్పులు మానేసి బూట్లేసుకొచ్చారు. ఏడాదికి మూడుసార్లే వేస్తారు ఆ బూట్లు.”

నేను ఆ విషయాన్ని మనసులో రాసుకుని భోజనశాలలోకి వెళ్లాను. బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. కిటికీ పక్కన మాత్రం ఒక అమ్మాయి చక్రాల కుర్చీలో కూర్చుని, ఒక లావుపాటి పుస్తకాన్ని టీ కప్పుకు ఆనించి చదువుకుంటోంది. న్యాయశాస్త్రం ఆఖరి సంవత్సరానికి వస్తున్న విద్యార్థిని. హాస్టలంతా ఆమెను ప్లీడరమ్మ అని పిలుస్తారని తరువాత తెలిసింది. చిన్ననాటి జబ్బు వల్ల ఆమె కాళ్లు నడవడానికి సహకరించవు.

“గంట మోగకముందే వచ్చేశావే, అమ్మా,” అన్నాను ఎదురుగా కూర్చుంటూ.

“రాలేదండీ, తెచ్చి పెట్టారు. ప్రతిసారీ ఇంతే. ముందు నన్ను లిఫ్టులో దించేస్తారు, ఆ తర్వాత గంట కొడతారు. నేను ఏడో గడి మనిషిని.”

ఏడవ గడి పేరు ‘మినహాయింపు పొందినవారు’. నాకు తెలియనిదేముంది. వంటావిడ తెచ్చిచ్చిన టీ కప్పు అందుకున్నాను.

“రెండేళ్లలో ఇంతకు ముందు అయిదు డ్రిల్స్ అయ్యాయి. అయిదుసార్లూ ఇక్కడే కూర్చుని టీ తాగాను,” అందామె. “నిజంగా నిప్పంటుకున్న రోజు కూడా పావుగంట ముందు ఎవరో ఒకరు వచ్చి, నన్ను దించి, టీ ఇస్తారని నమ్మకం.”

“అది నీ క్షేమం కోసమే కదమ్మా.”

“గంట మోగితే లిఫ్టు ఆగిపోతుందండీ. అప్పుడు మూడో అంతస్తు నుంచి నన్ను ఎవరు దించాలి, ఎలా దించాలి? ఈ హాస్టల్లో ఒక్కరికీ తెలీదు. నాకూ తెలీదు. అందరికన్నా అభ్యాసం ఎక్కువ కావాల్సింది నాకు. వద్దన్నది కూడా నన్నే. ఆ గడి కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఈత రానివాణ్ణి ఒడ్డున కూర్చోబెట్టి, చేపలకు ఈత నేర్పించుంటాడు.”

మహానుభావుడు టీ కప్పు మెల్లగా బల్ల మీద పెట్టాడు.

ఆ గడి ఎందుకు వచ్చిందో చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట, ఒక డ్రిల్‌లో, అంతకు ముందే కాలు విరిగి కట్టు కట్టించుకున్న విద్యార్థిని ఇద్దరు మోసుకొస్తుండగా ముగ్గురూ జారిపడ్డారు. పెద్ద దెబ్బలేమీ తగలలేదు. కానీ భద్రత కోసం నేను పెట్టిన అభ్యాసంలోనే మనుషులు పడటం నాకు తలవంపుగా తోచింది. మరునాడే ఏడవ గడి చేర్చాను. దానిని దయ అని అందరూ మెచ్చుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆ దయలో నా పరువు పాలెంతో ఆ మధ్యాహ్నం వరకూ లెక్క వేసుకోలేదు.

ప్లీడరమ్మ పుస్తకంలో నుంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరువు. మినహాయింపు గడిలో పేరున్నవారందరూ వచ్చే సంవత్సరం నుంచి వెనుక ఉన్న అనుబంధ భవనంలో, కింది అంతస్తులోని ఒంటరి గదులకు మారవలెను. డ్రిల్‌లో ఆరు నిమిషాల లోపు కిందికి చేరగలమని నిరూపించినవారికి ఇది వర్తించదు.

“పైన మా చెల్లీ నేనూ ఒకే గదిలో ఉంటున్నాం,” అందామె. “అది పక్కన లేకపోతే నాకు నిద్ర బాగానే పడుతుంది, అది వేరే సంగతి. కానీ పొద్దున్నే లేచి కుర్చీలోకి మారడం దగ్గర్నుంచి మా ఇద్దరికీ ఒక లెక్క కుదిరింది. ఆ గదిలో అలమర పిడి కిందికి దించుకున్నాను, బల్ల ఎత్తు సరిచేయించుకున్నాను. రెండేళ్లు పట్టింది. ఇప్పుడు నిరూపిస్తే ఉండనిస్తామంటున్నారు. నిరూపించడానికి డ్రిల్‌లోకి రానివ్వరు. ఈ ఏటికి ఇదే ఆఖరి డ్రిల్. వార్డెన్‌గారిని రెండుసార్లు అడిగాను.”

అంతలో వార్డెన్‌గారే లోపలికి వచ్చారు. పాదాలకు తెల్లని బూట్లున్నాయి.

“సార్, మీరు ఇక్కడున్నారా. ఈవిడ మిమ్మల్ని విసిగిస్తోందా ఏం? తల్లీ, సార్ ఎవరనుకున్నావు? నువ్వు రోజూ తిట్టుకునే ఆ ఫారం మొత్తం తయారుచేసింది వీరే.”

ప్లీడరమ్మ చూపులు కాసేపు పుస్తకంలోకి వెళ్లిపోయాయి. తరువాత తల ఎత్తింది.

“అయితే అప్పీలు సరైన చోటే చేసుకున్నానన్నమాట,” అంది.

నాకు కోపం రాలేదు. రావలసినంత చోటు మిగలలేదు.

“మినహాయింపును వదులుకునే వీలు నియమాల్లో ఉండాలే,” అన్నాను.

“పద్నాలుగో నియమం. పరిశీలకుడి ఎదుట రాసివ్వాలి.” అదీ పుస్తకంలోనే సిద్ధంగా ఉంది, సంతకంతో సహా.

వార్డెన్‌గారు కుర్చీ లాక్కుని కూలబడ్డారు. “సార్, వద్దండీ. మెట్ల మీద జారితే వాళ్లమ్మకు నేనేం చెప్పను? పైగా…” అని ఆగి, గోడకేసి చూశారు. “మూడు నిమిషాల నలభై సెకన్లు సార్. మీ చేతులతో మీరే రాశారు.”

“రాశానమ్మా. కాని నేను రాసిన లెక్కలో మినహాయింపు గడి మనుషులు లేరు. ఇల్లు కాలినప్పుడు బావి తవ్వలేం. ఇవాళే తవ్వుదాం.”

గంట సరిగ్గా నాలుగూ అయిదు నిమిషాలకు మోగించమని వార్డెన్‌గారికి చెప్పి, ఎవరితోనూ ఏమీ అనవద్దని కోరి, ప్లీడరమ్మతో లిఫ్టులో పైకి వెళ్లాను.

వాళ్ల గదిలో నేల మీద బాసింపట్టు వేసుకుని ఒక చిన్న మనిషి పాత కాగితాలను దొంతరలుగా సర్దుతోంది. ఆమె చెల్లెలు, మొదటి సంవత్సరం విద్యార్థిని. నోటికి విరామం లేనందువల్ల పిచ్చుక అని పేరు పడింది. హాస్టల్లో చేరిన నెలకే పాత కాగితాల సంఘానికి కార్యదర్శి అయింది. మూడో అంతస్తు పిల్లలు వాడిపారేసిన ప్రతి కాగితమూ ఆమె చేతుల మీదుగా కట్టలై, మిల్లుకు వెళ్లి, నోటు పుస్తకాలై తిరిగి వస్తుంది.

“అదేంటక్కా, డ్రిల్ రద్దయిందా? నిన్ను మళ్లీ పైకి తెచ్చేశారు?”

“డ్రిల్ అని నీకెవరు చెప్పారే?”

“వార్డెనమ్మ బూట్లు.” అప్పుడు నన్ను చూసి లేచి నిలబడింది. “ఈ తాతగారెవరు?”

“అప్పీలు కోర్టు,” అంది అక్క.

చెల్లెలు మరొక ప్రశ్న వేయబోతుండగా గంట మోగింది. నేను గడియారం నొక్కాను.

వరండాలో తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. అలవాటైన అడుగులు, అలవాటైన వరుస. నిమిషం గడిచేసరికి ఆ అంతస్తులో మేం ముగ్గురం, పక్క గది పొడుగమ్మాయి తప్ప ఎవరూ లేరు. ఆ పొడుగమ్మాయి దిగబోతూ ప్లీడరమ్మను చూసి ఆగిపోయింది.

“నువ్వింకా ఇక్కడున్నావేం?”

“ఇవాళ నేనూ దిగుతున్నాను. మెట్ల దగ్గర అలమరలో కుర్చీ ఉంటుంది చూడు.”

మెట్ల కుర్చీ అంటే మడత కుర్చీ. దాని వెనుక రెండు రబ్బరు పట్టాలుంటాయి. మనిషి బరువుకు అవి మెట్ల అంచులను పట్టుకుంటూ నెమ్మదిగా కిందికి జారతాయి. వెనుక ఒకరు, ముందు ఒకరు ఉంటే చాలు. ప్రతి అంతస్తుకూ ఒకటి కొనిపించినది నేనే. అది మెట్ల దగ్గర అలమరలో ఉంది. అయితే విప్పి ఉంది. దాని మీద నా ఛాతీ ఎత్తు వరకు పాత కాగితాల కట్టలున్నాయి. మనిషి నడుముకు కట్టవలసిన పట్టీ ఆ కట్టల చుట్టూ బిగించి ఉంది.

పిచ్చుక కట్టల మీద చేయి వేసింది. “అక్కా, ఇవి నేనే పెట్టాను,” అంది. “కింద పెడితే చెమ్మ తగులుతోందని. పట్టీ గట్టిగా ఉందని.”

“తెలిసిందిలే. తర్వాత ఏడుద్దువుగాని, ముందు కట్టలు తియ్యి.”

“మెట్ల మీద పడేయకండి, దారికి అడ్డం,” అంటూ పొడుగమ్మాయి వాటిని ఒక్కొక్కటిగా వరండాలోకి చేరవేయసాగింది. పరిశీలకుడు సహాయం చేయరాదు; అదీ నా నియమమే. నా చేయి రెండుసార్లు ముందుకు వెళ్లింది. రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాను.

కట్టలు దిగాయి. పట్టీ మెలికలు విప్పి సరిచేయడానికి మరికొంత సమయం పట్టింది. అక్కను చక్రాల కుర్చీ నుంచి మెట్ల కుర్చీలోకి మార్చడం పిచ్చుకకు రోజూ ఉన్న పనే కాబట్టి అది క్షణాల్లో అయింది. కాని కుర్చీ కదలలేదు. ఇద్దరూ వెనుక నుంచి తోశారు. అంగుళం కూడా జరగలేదు.

“ఆగండి. ఇక్కడ బొమ్మ వేసి ఉంది,” అంది ప్లీడరమ్మ, పక్కకు వంగి. “ఎర్ర పిడి నొక్కి పట్టుకుంటేనే కదులుతుందట. వదిలేస్తే ఆగిపోతుంది. పొడుగూ, నువ్వు వెనక. పిచ్చుకా, నువ్వు ముందు. నా మొహం చూడకు, మెట్లు చూడు.”

మొదటి వరస మెట్లు వంకరగా దిగారు. మలుపులో కుర్చీ గోడకు తగిలింది.

“ఎడమ చెయ్యి తగ్గించు. ఇది వాదన కాదు, గెలవక్కర్లేదు. మెల్లగా.”

రెండో వరస నుంచి నడక కుదిరింది. పైనుంచి నాకు ఆమె తల, దాని వెనుక పొడుగమ్మాయి బిగబట్టిన భుజాలు మాత్రమే కనిపిస్తున్నాయి. మెట్టు మెట్టుకూ రబ్బరు చప్పుడు, మధ్యమధ్య ఆమె గొంతు. భయపడుతున్నది అన్నిటికన్నా తక్కువగా ఆ గొంతే.

ముంగిట్లో అంతా అంతస్తుల వారీగా నిలబడి ఉన్నారు. మేం గుమ్మం దాటగానే తలలన్నీ మావైపు తిరిగాయి. నేను గడియారం ఆపాను.

“ఎంత, తాతగారూ?” అడిగింది పిచ్చుక.

“ఎనిమిది నిమిషాల పన్నెండు సెకన్లు.”

ఆమె మెట్ల కుర్చీ పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. అక్క ఆమె తల మీద చేయి వేసింది, కాని చూపు మాత్రం నా ఫారం మీదే ఉంది.

“అందులో కుర్చీ కదలడానికి ముందు ఎంత గడిచిందో రాసుకున్నారా?”

రాసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. “అయిదు నిమిషాల ఇరవై. దిగడానికి పట్టింది రెండు నిమిషాల యాభై రెండు.”

“పరికర లోపం వల్ల జాప్యం జరిగితే, ఆ లోపాన్ని నమోదు చేసి, ఎనిమిది రోజుల్లో మరొకసారి డ్రిల్ జరపవచ్చును. పంతొమ్మిదో నియమం,” అందామె. “మీరే రాశారు.”

నేను దానిని మరచిపోయాను. నా నియమాలను నాకన్నా శ్రద్ధగా చదివిన మనిషి ఒకరున్నారని సంతోషించే తీరిక అప్పుడు లేదు. ఎందుకంటే ఆ నియమంలో రెండవ వాక్యం కూడా ఉంది. లోపం నమోదైన భవనానికి ఆ ఏడు షీల్డు ఉండదు. వార్డెన్ సంతకం లేనిదే నమోదు చెల్లదు.

ఫారం వార్డెన్‌గారి చేతికిచ్చాను. కారణం గడిలో ‘మెట్ల కుర్చీ మీద పాత కాగితాల కట్టలు, నడుము పట్టీ వేరొక పనికి వాడుక’ అని రాసి ఉంది. ఆవిడ చదివారు. తెరిచిన తలుపులోంచి భోజనశాల గోడ మీది షీల్డు కనిపిస్తోంది.

“నా పేరు కూడా రాయండి తాతగారూ,” అంది పిచ్చుక, లేచి నిలబడి. “చేసింది నేను. హాస్టల్ కాదు.”

“దానికి గడి లేదమ్మా. పెట్టవలసి వస్తే పైన ముందు నా పేరు రాయాలి. ఆ అలమరను అయిదు డ్రిల్స్‌లో ఒక్కసారైనా ఎవరూ తెరవలేదంటే, తెరిచే అవసరం రాకుండా చేసినది నేను.”

వార్డెన్‌గారు ఇంకా కాగితం కేసే చూస్తున్నారు. వంటావిడ గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

“పోతే పోనివ్వండమ్మగారూ,” అంది. “వారానికోసారి దాన్ని తోమలేక నా చేతులు పడిపోతున్నాయి.”

ఎవరో నవ్వారు. వార్డెన్‌గారు నవ్వలేదు గాని, “పెన్ను ఇలా ఇవ్వండి సార్,” అన్నారు. సంతకం చేసి, తల ఎత్తకుండానే, “ఎనిమిది రోజుల్లో ఏ రోజన్నది నాకు కూడా చెప్పకండి,” అన్నారు.

చెప్పలేదు. ఏడవ రోజు ఉదయం, అందరూ తరగతులకు బయలుదేరకముందు వెళ్లి గంట నేనే నొక్కాను. వార్డెన్‌గారు ఇంట్లో తొడుక్కునే చెప్పులతో పరుగెత్తుకొచ్చారు. సగం మంది తలలు దువ్వుకోలేదు. భవనం ఖాళీ కావడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆఖరున వచ్చినది ప్లీడరమ్మ కాదు. సబ్బు నురగతో స్నానాల గదిలో చిక్కుకున్న ఇద్దరు. ప్లీడరమ్మ నాలుగు నిమిషాల నలభై సెకన్లకే దిగింది. ఆ వారమంతా సాయంత్రాలు ముగ్గురూ మెట్ల మీద సాధన చేశారట. పొడుగమ్మాయి ఊళ్లో లేకపోతే ఎలాగని, మరో నలుగురికి ఎర్ర పిడి నొక్కడం నేర్పారట. కాగితాల కట్టలు సైకిళ్ల షెడ్డులో చెక్క పలకల మీదికి మారాయి. గోడ మీద షీల్డు ఉన్న చోట మేకు మాత్రం ఉంది.

ఆమె గది ఆమెకే ఉంది. ఆ నిర్ణయం కాగితం మీదికి రావడానికి మూడు వారాలు పట్టింది, అదీ నేను రెండుసార్లు కార్యాలయం మెట్లు ఎక్కి దిగిన తరువాత. అదే సందర్భంలో ఏడవ గడి పేరు మార్చమని విన్నపం ఇచ్చాను. ఇప్పుడది ‘సహాయంతో దిగవలసినవారు, సహాయకుల పేర్లు’. ప్రస్తుత అధికారి దానికి వెంటనే ఒప్పుకున్నాడు. తొమ్మిదేళ్లుగా నా ఫారాన్ని ముట్టుకోవడానికి అందరూ మొహమాటపడుతున్నారని అప్పుడే తెలిసింది.

పాత ఫారాలు నాలుగు వందలు నా దగ్గర మిగిలిపోయాయి. వాటిని తాడుతో కట్టి పిచ్చుకకు అందజేశాను. ఆమె ఒకటి తిప్పి చూసింది.

“వెనక వైపు ఖాళీగానే ఉంది కదా తాతగారూ. రెండు వైపులా వాడనిదే మిల్లుకు పంపం.”

మూడో అంతస్తు అలమర తలుపు మీద ఇప్పుడొక ప్రకటన అతికించి ఉంది: ‘ఇందులో కుర్చీ తప్ప మరేదీ పెట్టరాదు, కార్యదర్శి కూడా.’ అది నా ఫారం వెనుక వైపే.

నేను దానిని చదువుతుండగా లిఫ్టు ఆగింది. ప్లీడరమ్మ చక్రాలు తిప్పుకుంటూ వచ్చి నా పక్కన ఆగింది.

“తాతగారూ, ఇంకొక్క విషయం.”

“ఎన్నో గడి?”

“అదే కదా, దానికి గడే లేదు. కిందికైతే దిగాను. నా చక్రాల కుర్చీ పైనే ఉండిపోయింది. రెండుసార్లూ ముంగిట్లో ఆ మెట్ల కుర్చీలో అరగంట బొమ్మలా కూర్చున్నాను. ఎటూ కదలలేను. వర్షం వచ్చి ఉంటే?”

ముప్పై ఒక్క ఏళ్లలో ఈ ప్రశ్న నాకెవరూ వేయలేదు. నాకు నేనూ వేసుకోలేదు. జేబులోంచి పెన్ను తీశాను.

“టీ పెట్టారేమో కనుక్కో అమ్మా,” అన్నాను. “ఇది కూర్చుని రాయవలసినది.”